ఇంగ్లీషు టీచరుకూ ఖఫీల్ ఉంటాడు

మొన్న హనుమకొండలో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడితే ఇద్దరు అమ్మాయిలు పలకరించారు. ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ చదివినవాళ్లే. "మేడం, మీరు థాయ్‌లాండ్‌లో చేసొచ్చారు కదా, మాకు వియత్నాంలో టీచింగ్ ఆఫర్ వచ్చింది, ముందు టూరిస్ట్ వీసా మీద వచ్చేయమంటున్నారు, పర్వాలేదా?" అని అడిగారు. ఒక్క ముక్క చెప్పేలోపే బస్సు వచ్చేసింది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మా మామ గురించి చెప్పాలి. అమ్మ తమ్ముడు, మెట్‌పల్లి. 2006లో సౌదీ పోయాడు, దమ్మాంలో సెంట్రింగ్ పని. మూడేళ్లు జీతం బాగానే వచ్చింది, తర్వాత ఐదు నెలలు ఆగిపోయింది, ఆగితే బయట పని చూసుకున్నాడు, చూసుకున్నాడని తెలిసి ఖఫీల్, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న అక్కడి యజమాని, 'హురూబ్' పెట్టాడు. హురూబ్ అంటే ఈ మనిషి నా దగ్గర నుంచి పారిపోయాడని సర్కారుకు రాసివ్వడం. ఆ రోజు నుంచి మనిషి ఖల్లివెల్లి, అంటే చెల్లే కాగితాలు లేనివాడు. అక్కడ ఉండటానికి ఇచ్చే ఆకామా కార్డు చెల్లదు, దవాఖానకు పోలేడు, పోలీసును చూస్తే గల్లీలో దూరాలి. 2013లో సౌదీ ప్రభుత్వం ఇలాంటివాళ్లు వెళ్లిపోవడానికి గడువు ఇచ్చినప్పుడు పాస్‌పోర్టు లేకున్నా ఇంటికి పోనిచ్చే ఔట్‌పాస్ కాగితం మీద వచ్చాడు. శంషాబాద్‌లో దిగినప్పుడు చేతిలో ఉన్నది ఒక కంబళి, ఒక ప్లాస్టిక్ కవరు. ఇప్పుడు ఊళ్లోనే కిరాణం నడుపుతున్నాడు. మా ఇంట్లో ఆయన ముచ్చట ఎప్పుడు వచ్చినా "సదువుకోకుంటే గిట్లనే అయితది" అన్న మాట దగ్గర ఆగేది. నేనూ అదే నమ్మాను. ఎంఏ ఇంగ్లీషు, బీఈడీ, నాకేమిటి, సెంట్రింగ్ పనికి పోతున్నానా?

హనుమకొండలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఆరేళ్లు చెప్పాను. జీతం 18,000, అదీ పది నెలలకే, ఎండాకాలం రెండు నెలలు సున్నా. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు, మానేస్తానంటే రెండు నెలల నోటీసు, పైన ఒక నెల జీతం కట్టించుకుని అప్పుడు చేతికిచ్చారు. ఇక్కడ ప్రైవేటులో చేసే చాలామందికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఇదంతా ఇక్కడ ఎందుకు రాశానో ముందుకు పోతే తెలుస్తుంది.

2023 మొదట్లో థాయ్‌లాండ్‌లోని ఒక ఏజెన్సీ నుంచి ఆఫర్ వచ్చింది. కోరాట్ అనే ఊళ్లో స్కూలు, నెలకు 21,000 బాత్, అప్పటి లెక్కన 50,000 రూపాయలు పైనే. అమ్మకు ఒకటే టెన్షన్. థాయ్‌లాండ్‌లో ఐటీ ఉద్యోగాలని చెప్పి మనవాళ్లను సరిహద్దు దాటించి మయన్మార్‌లోకి తీసుకుపోయి సైబర్ మోసాలు చేయిస్తున్నారని 2022 సెప్టెంబర్‌లో విదేశాంగ శాఖే హెచ్చరిక ఇచ్చింది, టీవీలో అదే వార్త రోజూ. నాది స్కూలు ఉద్యోగం, వీడియో కాల్‌లో స్కూలు చూపించారు, యూనిఫాం వేసుకున్న పిల్లలు కూడా కనిపించారు అని సర్దిచెప్పాను. ఏజెన్సీ మాత్రం "వీసా ఆన్ అరైవల్ మీద వచ్చేయ్, మిగతాది ఇక్కడ మార్పిస్తాం" అంది. నేను టికెట్ రేట్లు చూడటం మొదలుపెట్టాను కూడా.

ఆ వారంలోనే బంధువుల పెళ్లి. బంతిలో మామ నా పక్కన కూర్చున్నాడు. బగారన్నంలో మటన్ కలుపుకుంటూ, నా మొహం వైపు చూడకుండానే అడిగాడు.

"ఏం వీసా బిడ్డా?"

చెప్పాను.

"అంటే విజిట్ వీసా."

"ఇప్పుడు విజిట్, అక్కడికి పోయినంక మారుస్తరట మామా."

చెయ్యి ఆపాడు. "విజిట్ మీద పనికి పోయినోడు దొంగ లెక్కనే. వాళ్లు జీతం ఇయ్యకుంటే ఎవలకు చెప్తవ్? చెప్పనీకి పోతే ముందుగాల నిన్నే పడ్తరు." మళ్లీ కలుపుకోవడం మొదలుపెట్టి, "వీసా ఎవల పేరు మీదున్నదో గది సూడు, జీతం ఎంతన్నది తర్వాత" అన్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి థాయ్ చట్టం వెతికి చదివితే మామ మాటే ఇంకో భాషలో రాసి ఉంది. 2017లో వచ్చిన విదేశీ కార్మికుల చట్టం ప్రకారం వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తే 5,000 నుంచి 50,000 బాత్ జరిమానా, దేశం నుంచి పంపించేయడం, రెండేళ్ల దాకా మళ్లీ వర్క్ పర్మిట్ ఇవ్వకపోవడం. పెట్టుకున్న యజమానికీ జరిమానా ఉంది, కానీ యజమానిని ఎవరూ విమానం ఎక్కించరు కదా. తర్వాత 2024 జూలైలో మనవాళ్లకు వీసా లేకుండానే 60 రోజులు ఉండే వీలు ఇచ్చేసరికి ఈ 'ముందు వచ్చేయ్' పాట ఇంకా ఎక్కువైంది. అది తిరిగి చూడటానికి ఇచ్చింది, పాఠం చెప్పడానికి కాదు. ఉద్యోగానికి వచ్చేవాళ్లకు ఇచ్చే నాన్-ఇమ్మిగ్రెంట్ బి వీసాకు కాగితాలు పంపితేనే వస్తానని ఏజెన్సీకి రాశాను. మూడు వారాలు జవాబు లేదు. పోయిందిలే అనుకున్నాక పంపారు.

ఇంకో విషయం నన్ను ఇప్పటికీ నవ్విస్తుంది, ఏడిపిస్తుంది. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ఉంటుంది. వాళ్లు పనికోసం 18 దేశాలకు పోవాలంటే ప్రభుత్వం క్లియరెన్స్ కావాలి, అంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఒక ఆఫీసు వాళ్ల కాంట్రాక్టు కాగితాన్ని కనీసం ఒకసారైనా చూస్తుంది. ఆ 18 దేశాల్లో గల్ఫ్ దేశాలే కాదు, థాయ్‌లాండ్ కూడా ఉంది. నేను ఎంఏ కాబట్టి నాకు అదేమీ అక్కర్లేదు. అంటే ఏడో తరగతి మామ కాంట్రాక్టును సర్కారు చూసింది, నా కాంట్రాక్టును చూసిన దిక్కు లేదు. చదువుకున్నవాళ్లు తమ బాగు తాము చూసుకుంటారని లెక్క. నేను చూసుకున్న తీరు కింద చదవండి.

మనది ఇంగ్లీషు మాతృభాష కాని దేశం కాబట్టి టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో 600 తెచ్చుకోవాలన్నారు. రాశాను, వచ్చింది, దాని గురించి చెప్పేదేమీ లేదు. కానీ ఈ 'మాతృభాష' గొడవ చాలా దూరం పోతుంది. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచర్ వీసా మామూలుగా ఏడు దేశాల పాస్‌పోర్టులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మనకు 2010లో అమల్లోకి వచ్చిన ఒప్పందం వల్ల ఒక చిన్న సందు ఉంది, అదీ టీచర్ అర్హత ఉన్నవాళ్లకు, స్కూల్లో అసిస్టెంట్‌గా. అడిగేది ఉచ్చారణ కాదు, పాస్‌పోర్టు రంగు. కోరాట్‌లో నా పక్క క్లాసు చెప్పే ఇంగ్లండ్ కుర్రాడికి 23 ఏళ్లు, డిగ్రీ చదివింది వేరే సబ్జెక్టు, జీతం 38,000. స్టాఫ్‌రూంలో నా బల్ల దగ్గరికి వచ్చి "ఇక్కడ ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఎందుకు వాడతాం?" అని అడిగి రాసుకుని పోయేవాడు. మంచి పిల్లాడే, వాడి మీద కోపం లేదు.

మే 16న స్కూలు తెరిచారు, ఆ రోజే నన్ను క్లాసుకు పంపారు. వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు. అక్కడి టీచర్ల కౌన్సిల్, ఖురుసపా అంటారు, టీచర్ లైసెన్సు లేని విదేశీయులకు తాత్కాలిక అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాత లేబర్ ఆఫీసు పర్మిట్. వీసా సరైనదే అయినా పర్మిట్ చేతికి రాకముందు పాఠం చెప్పడం తప్పే, నాకు అది తెలియదు, ఏజెన్సీకి తెలుసు. జూన్‌లో ఒకరోజు రెండో పీరియడ్ మధ్యలో ఆఫీసు అమ్మాయి వచ్చి తలుపు దగ్గర చెయ్యి ఊపింది. తనిఖీకి ఎవరో వస్తున్నారట. నన్నూ, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఇంకో టీచర్నీ క్యాంటీన్ వెనక, గ్యాస్ సిలిండర్ల పక్కన రెండు ఎర్ర ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చోబెట్టారు. గంటన్నర. క్యాంటీన్ ఆవిడ పాపం ఇద్దరికీ కవర్లో బంక అన్నం, కాల్చిన చికెన్ ముక్కలు ఇచ్చింది. నా చేతిలో ఇంకా మార్కర్ పెన్ను ఉంది. ఫిలిప్పీన్స్ ఆవిడకు ఇది రెండోసారట, ఫోన్‌లో సీరియల్ చూసుకుంటూ కూర్చుంది. నాకు మాత్రం మామ గల్లీలో దూరడమే గుర్తొచ్చింది.

పర్మిట్ జూలైలో వచ్చింది, వీసా మార్చి 15 దాకా పొడిగించారు. 90 రోజులకోసారి ఇమ్మిగ్రేషన్‌కు చిరునామా చెప్పుకోవాలి, మరిచిపోతే 2,000 బాత్ జరిమానా. ఇవన్నీ డైరీలో రాసుకుని నాకు అన్నీ తెలుసనే ధీమాలో పడ్డాను. అక్టోబర్‌లో వాళ్లకు సెమిస్టర్ సెలవులు, మనకు బతుకమ్మ. టికెట్ కొనుక్కున్నాను. బయల్దేరే ముందురోజు మామ ఫోన్.

"ఎగ్జిట్ రీఎంట్రీ కొట్టిచ్చుకున్నవా బిడ్డా?"

నవ్వాను. "మామా, ఇది సౌదీ కాదు. ఈడ ఇంటికి పోవాలంటే ఎవల పర్మిషన్ అక్కర్లేదు."

"పోనీకి కాదే, మళ్ల రానీకి. ఒకపారి స్టాంపు సూడు."

చూశాను. వీసా పొడిగించిన స్టాంపు దగ్గర చిన్న అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో, రీఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా దేశం దాటితే ఈ పొడిగింపు పోతుందనే సంగతి ఉంది. మూడు నెలలు ఆ పేజీ జిరాక్స్ తీసి ఎందరికో ఇచ్చాను, ఇంగ్లీషు టీచర్ని, ఒక్కసారీ చదవలేదు. సువర్ణభూమి విమానాశ్రయంలోనే దానికి కౌంటర్ ఉందని తెలిసి మూడు గంటలు ముందు పోయి, టీఎం 8 ఫారం నింపి, ఫొటో అతికించి, 1,000 బాత్ కట్టాను. తీసుకోకపోయి ఉంటే ఆ వీసా అక్కడితో పోయేది, పర్మిట్ కూడా దాంతోపాటే, అంతా మళ్లీ మొదటి నుంచి. సద్దుల బతుకమ్మ నాడు వచ్చిన మామకు ఇది చెప్తే ఏమీ అనలేదు, సత్తుపిండి ముద్ద ఇంకొకటి తీసుకున్నాడు.

ఇక మార్చి. నా కాంట్రాక్టు పది నెలలదని ముందే తెలుసు, ఏప్రిల్ జీతం ఉండదనీ తెలుసు. సంతకం పెట్టేటప్పుడు అసలు వింతగానే అనిపించలేదు, హనుమకొండలో ఆరేళ్లు ఎండాకాలం జీతం లేకుండా బతికినదాన్ని కదా. అలాగే జీతంలో నెలకు 1,000 చొప్పున ఐదు నెలలు డిపాజిట్ కింద పట్టుకున్నప్పుడూ అడగలేదు. సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోలేదు, డబ్బే కదా పట్టుకున్నారు, నయమే అనుకున్నాను. కాంట్రాక్టు ముగిసే వారం వచ్చింది. డిపాజిట్ గురించి మెసేజ్ పెడితే చూసి జవాబివ్వలేదు. చివరి 15 రోజుల జీతం 'తర్వాత లెక్క చూసి' పంపుతారట. మళ్లీ మేలో రావాలనుకుంటే అప్పుడు చూద్దామట.

మా స్కూలు థాయ్ సైన్స్ టీచరు ఒకావిడ నన్ను స్కూటీ మీద లేబర్ ఆఫీసుకు తీసుకుపోయింది. అక్కడ అధికారి, యాభై ఏళ్ల ఆవిడ, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని కాంట్రాక్టు మొదటి పేజీ మాత్రమే చూసింది, మిగతా ఎనిమిది పేజీలు పక్కన పెట్టేసింది. యజమాని అని రాసి ఉన్న చోట వేలు పెట్టి సైన్స్ టీచరుతో ఏదో అంది. సంగతేమిటంటే, ప్రైవేటు స్కూలు నేరుగా పెట్టుకున్న టీచరైతే 1998 లేబర్ ప్రొటెక్షన్ చట్టం సాధారణంగా వర్తించదు, వాళ్లకు 2007 ప్రైవేటు స్కూళ్ల చట్టం వేరే ఉంది. నా కాగితం మీద యజమాని ఏజెన్సీ, కాబట్టి ఈ ఆఫీసుకే రావాలి. మామ అడిగిన ప్రశ్నే, 'ఎవల పేరు మీద?'

ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ నా వైపే ఉన్నాయి. టీచర్ లాంటి పనికి డిపాజిట్ పట్టుకోవడానికి వీల్లేదు. జీతం ఆపితే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. 120 రోజులు దాటి పనిచేసినవాళ్లను తీసేస్తే 30 రోజుల జీతం పరిహారం అడగొచ్చు, పది నెలల కాంట్రాక్టు అన్న సాకు స్కూలు పనికి నిలబడకపోవచ్చు. కోర్ రోర్ 7 అనే ఫారం నింపితే ఇన్‌స్పెక్టర్ 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. విదేశీయురాలినన్న తేడా లేదు, ఫీజు లేదు.

అంతా విని సంతోషపడి బయటికొచ్చి, స్కూటీ ఎక్కబోతూ ఆగాను. ఉత్తర్వుకు 60 రోజులు. నా వీసా ఉద్యోగంతో కట్టిన తాడు, ఉద్యోగం అయిపోయిన రోజుతో అదీ అయిపోతుంది, ఇమ్మిగ్రేషన్‌లో 1,900 బాత్ కట్టి బతిమాలితే ఏడు రోజులు ఇస్తారు. దాటితే రోజుకు 500 బాత్ జరిమానా, పాస్‌పోర్టు మీద మచ్చ. నా తరఫున ఇంకొకరికి అధికారం రాసిచ్చి పోవచ్చని అధికారి చెప్పింది, కానీ అదే ఊళ్లో బతకాల్సిన సైన్స్ టీచరు నెత్తిన ఆ బరువు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఆవిడ మోస్తానంది, నేనే వద్దన్నాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఫిర్యాదు మాత్రం ఇచ్చాను. అధికారి ఏజెన్సీకి ఫోన్ చేసింది. ఏడు రోజుల్లో ఐదో రోజున డిపాజిట్ 5,000, ఆగిన జీతం 10,500 ఖాతాలో పడ్డాయి. 30 రోజుల పరిహారానికి వాళ్లు ఒప్పుకోలేదు, కొట్లాడాలంటే ఉండాలి, ఉండాలంటే వీసా కావాలి. నెలనెలా సోషల్ సెక్యూరిటీ అని నా జీతంలో కోసిన 750 బాత్ నా పేరు మీద కొన్ని నెలలు జమే కాలేదని కూడా ఆ వారమే తెలిసింది, దాన్ని పట్టుకునే టైం లేదు. మార్చి 22న విమానం ఎక్కాను.

కాబట్టి అమ్మాయిలూ, వియత్నాం సంగతి. అక్కడా వర్క్ పర్మిట్ ఉంటుంది, ఒకసారికి రెండేళ్లకు మించి ఇవ్వరు, అటెస్ట్ చేయించిన డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్ కావాలి, టూరిస్ట్ వీసా మీద క్లాసు చెప్పడం అక్కడా చట్టవిరుద్ధమే. పర్మిట్ కాగితాలు ఎప్పుడు మొదలుపెడతారో, ఎవరి పేరు మీదో, పర్మిట్ వచ్చేదాకా క్లాసుకు పంపరని మెయిల్‌లో రాసిస్తారో లేదో అడగండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. మధ్యలో మన ఊరి ఏజెంట్ ఉంటే కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని లైసెన్సు ఉందో లేదో చూడండి. లైసెన్సు ఉన్నవాళ్లు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. రెండు లక్షలు అడిగితే ఎందుకో మీకే తెలుస్తుంది. విదేశాల్లో ఉద్యోగాలకు పంపే సంస్థ తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ ఉంది, అక్కడా అడగొచ్చు. దుబాయ్ స్కూళ్లకు పోయేవాళ్లకైతే అక్కడి కొత్త చట్టం కొంత నయం, ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు, వీసా ఖర్చు మన మీద వేయకూడదు, ఏడాది నిండితే మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ గ్రాట్యుటీ. పాస్‌పోర్టు మాత్రం ఎక్కడైనా మీ దగ్గరే ఉండాలి, 1967 చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, ఏ స్కూలు బీరువాదీ కాదు. జీతం ఆగి, కదలలేని పరిస్థితి వస్తే మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ మదద్ పోర్టల్‌లో రాయండి. ఇవేవీ అర్థం కాకపోతే మెట్‌పల్లికి ఫోన్ చేయండి, నంబరు నేనిస్తాను. సాయంత్రం ఏడు దాటాక చేయండి, అప్పటిదాకా గిరాకీ ఉంటుంది.

నేను ఇప్పుడు ట్యూషన్లు చెప్తున్నాను. పోయిన వారం హనుమకొండలోనే ఇంకో కాలేజీలో ఇంటర్వ్యూ అయింది. జీతం 26,000కి మాట్లాడుకున్నాం, డెమో నచ్చిందన్నారు, లేచేటప్పుడు ప్రిన్సిపాల్ "రేపు వచ్చేటప్పుడు ఒరిజినల్స్ తెచ్చి ఆఫీసులో ఇచ్చేయండి మేడం" అన్నాడు. తెస్తాను సార్, చూసి జిరాక్స్ ఉంచుకోండి, ఒరిజినల్స్ మళ్లీ తీసుకుపోతాను అన్నాను. ఆయన చాలాసేపు ఫ్యాన్ వైపు చూశాడు. ఇక్కడ అందరూ ఇస్తారండీ అన్నాడు. తెలుసు సార్ అన్నాను. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి ఫోన్ చేస్తానన్నాడు.

మామకు చెప్తే పడీపడీ నవ్వాడు. "ఈడ గూడ ఖఫీలేనా బిడ్డా?"

ఫోన్ ఇంకా రాలేదు.